ట్రాక్ సైకిల్‌ను రేసుకు సిద్ధం చేయడం ఎలా: వరంగల్, ఉత్తర తెలంగాణ సైక్లిస్టులకు సమగ్ర మార్గదర్శి

రోడ్డు మీద వందేసి కిలోమీటర్లు తొక్కేవాళ్లు హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లలో కొందరు ట్రాక్ రేసుకు దిగుదామనుకోగానే రెండు చిక్కులు ఎదురవుతాయి. ఒకటి, మన దగ్గర వెలోడ్రోమ్ (సైకిల్ రేసులకు కట్టే వంపు ట్రాక్) లేదు. హైదరాబాద్‌లోని ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్‌కు పోవాల్సిందే. రెండు, ట్రాక్ సైకిల్ సంగతి తెలిసిన మెకానిక్ వీధి చివర దొరకడు. అందుకే బండిని ఇంటి దగ్గరే, మీ చేతులతోనే, పూర్తిగా సిద్ధం చేసుకుని బయల్దేరాలి. అక్కడికి పోయాక 15 నంబరు పానా మరిచిపోయామని గుర్తొస్తే ఆ రోజంతా దండగ.

## 1. ముందు ఇది అర్థం చేసుకోండి: బ్రేకు వెనక చక్రంలోనే ఉంది

ట్రాక్ సైకిల్‌కు బ్రేకులుండవు, ఫ్రీవీల్ (పెడల్ ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే భాగం) ఉండదు. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. వేగం తగ్గాలంటే కాళ్లతో వెనక్కి ఒత్తిడి పెట్టాలి. ఆ ఒత్తిడి పెడల్ నుంచి చైన్‌కు, చైన్ నుంచి స్ప్రాకెట్‌కు (వెనక పళ్ల చక్రం), అక్కడి నుంచి హబ్ (చక్రం నడిమి భాగం) మరలకు చేరుతుంది. ఈ వరుసలో ఏ ఒక్కటి జారినా బ్రేకు లేనట్టే. కాబట్టి నిర్వహణకు పెట్టే సమయంలో సగానికి పైగా వెనక హబ్, చైన్‌లకే ఇవ్వండి. హ్యాండిల్ టేపు రంగు గురించి తర్వాత ఆలోచించవచ్చు.

ఇంకో మాట. బ్రేకు లేని బండిని పబ్లిక్ రోడ్డు మీదికి తీయకండి, కాలనీలో ఒక్క రౌండుకు కూడా.

## 2. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు చూడాల్సినవి

మొదట వెనక హబ్ చూడండి. అసలైన ట్రాక్ హబ్‌లో మరలు రెండు మెట్లుగా ఉంటాయి. లోపలి పెద్ద మెట్టు మీద స్ప్రాకెట్ ఎక్కుతుంది, దానికి మామూలు కుడి మర. బయటి చిన్న మెట్టు మీద లాక్‌రింగ్ (స్ప్రాకెట్‌ను ఊడకుండా పట్టే రింగు) ఎక్కుతుంది, దానికి ఎడమ మర, అంటే షాపుల్లో చెప్పే ఉల్టా త్రెడ్డు. స్ప్రాకెట్ తీసి చూస్తే ఈ మెట్టు కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. కనిపించకపోతే అది ఫ్రీవీల్ హబ్.

ఫ్రీవీల్ హబ్ మరలు, ట్రాక్ స్ప్రాకెట్ మరలు ఒకే కొలత: 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మరలు. అందుకే ఫ్రీవీల్ హబ్ మీద ఫిక్స్‌డ్ స్ప్రాకెట్ ఎక్కించి, దానిపై బాటమ్ బ్రాకెట్ (పెడల్ ఇరుసు ఉండే చోటు) రింగు బిగించి ‘ట్రాక్ సైకిల్’ అని అమ్మేవాళ్లున్నారు. మీరు కాళ్లతో వెనక్కి ఒత్తినప్పుడు స్ప్రాకెట్ విప్పుకునే వైపు తిరుగుతుంది. పైనున్న రింగుదీ అదే దిక్కు మర కాబట్టి రెండూ కలిసి ఊడివస్తాయి. అసలైన హబ్‌లో స్ప్రాకెట్ విప్పుకోబోతే ఎడమ మర లాక్‌రింగ్ ఇంకా బిగుసుకుంటుంది. ఆపేది అదే. గమ్ము పూశాం, వెల్డింగ్ చేశాం అని ఎవరెంత చెప్పినా ఫ్రీవీల్ హబ్ బండిని తీసుకోవద్దు.

తర్వాత ఇవి చూడండి:

- వెనక డ్రాపవుట్ల (ఫ్రేములో చక్రం ఇరుసు కూర్చునే చీలికలు) మధ్య వెడల్పు 120 మి.మీ. ఉండాలి, వాటి నోరు వెనక్కి తెరుచుకుని ఉండాలి.
- క్రాంక్ (పెడల్‌ను పట్టే కడ్డీ) పొడవు 165 మి.మీ. ఉంటే మేలు. 175 మి.మీ. క్రాంక్‌తో వంపు మీద నెమ్మదిగా పోతే కుడి పెడల్ నేలకు తగలొచ్చు.
- ఫ్రేములో హెడ్ ట్యూబ్, కింది ట్యూబ్ కలిసే చోట పెయింట్ ముడతలు పడి ఉంటే ఆ బండి ముందునుంచి గుద్దుకున్నదే. వదిలేయండి.
- చక్రం తిప్పి, వేలు రిమ్ పక్కన పెట్టి చూడండి. 1 మి.మీ. బెండు స్పోక్ పానాతో పోతుంది. గుంట పడిన రిమ్ మాత్రం మార్చాల్సిందే.

## 3. ఇంట్లో ఉండాల్సిన పనిముట్లు

- 15 మి.మీ. పానా, పొడుగు పిడిది
- లాక్‌రింగ్ పానా (కొక్కెం లాంటిది), చైన్ విప్ (స్ప్రాకెట్‌ను తిప్పే, చైన్ ముక్క ఉన్న పిడి)
- 4, 5, 6, 8 మి.మీ. అలెన్ కీలు
- చైన్ పిన్ తీసే టూల్
- గేజి ఉన్న ఫ్లోర్ పంపు
- స్టీలు స్కేలు, 30 సెం.మీ. పైబడినది
- చిన్న ప్లాస్టిక్ లేదా రబ్బరు సుత్తి
- గ్రీజు, పల్చటి చైన్ ఆయిల్, కిరోసిన్, పాత కాటన్ గుడ్డలు

లాక్‌రింగ్ పానా మామూలు సైకిల్ షాపులో దొరకడం కష్టం. ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. ఉలి పెట్టి సుత్తితో కొట్టి బిగించే పద్ధతి మన దగ్గర మామూలే. అలా కొడితే లాక్‌రింగ్ గాడులు అరిగి, మరోసారి పానాకు పట్టు దొరకదు.

## 4. స్ప్రాకెట్, లాక్‌రింగ్ ఎక్కించే వరుస

ఇది తొందరపడే పని కాదు. హబ్ మరలు అల్యూమినియంవి, స్ప్రాకెట్ స్టీలుది. మర తప్పితే నష్టపోయేది హబ్బే, దానికి మరమ్మతు కూడా లేదు.

1. పాత గ్రీజును కిరోసిన్ గుడ్డతో తుడవండి. మరల మధ్య ఎర్రమట్టి రేణువు ఒక్కటి కూడా మిగలకూడదు. పాత టూత్‌బ్రష్ బాగా పనికొస్తుంది.
2. రెండు మెట్ల మరలకూ పల్చగా గ్రీజు పూయండి. పొడిగా ఎక్కిస్తే తర్వాత ఊడదు.
3. స్ప్రాకెట్‌ను చేత్తోనే పెట్టి, ముందు విప్పే దిక్కుకు (గడియారానికి ఎదురుగా) నెమ్మదిగా తిప్పండి. చిన్నగా ‘టక్’మని కూర్చుంటుంది. అప్పుడు బిగించే దిక్కుకు తిప్పండి. రెండు మూడు చుట్లు వేళ్లతోనే తేలిగ్గా పోవాలి. బిగుసుకుంటే ఆపి, విప్పి మళ్లీ మొదలుపెట్టండి.
4. చైన్ విప్‌తో బలంగా బిగించండి.
5. లాక్‌రింగ్ పెట్టి గడియారానికి ఎదురుగా తిప్పి బిగించండి. ఇది ఉల్టా త్రెడ్డు. బండిని వేరేవాళ్ల చేతికిస్తే ఈ మాట ముందే చెప్పండి, అలవాటు కొద్దీ కుడివైపు బిగించబోయి విప్పేస్తారు.
6. చక్రం బండికి ఎక్కించి, చైన్ వేసి, రోలర్ల (బండిని కదలకుండా ఒకేచోట తొక్కనిచ్చే తిరిగే గొట్టాలు) మీద పది నిమిషాలు తొక్కండి. మధ్యలో లేచి నిలబడి రెండు మూడుసార్లు గట్టిగా తొక్కండి.
7. ఇప్పుడు లాక్‌రింగ్‌ను మళ్లీ బిగించండి. దాదాపు ప్రతిసారీ ఇంకో పావు చుట్టు పోతుంది. తొక్కడంతో స్ప్రాకెట్ లోపలికి జరిగి లాక్‌రింగ్‌కు సందు వస్తుంది. చాలామంది వదిలేసే మెట్టు ఇదే.

పని అయ్యాక స్ప్రాకెట్‌కు, లాక్‌రింగ్‌కు అడ్డంగా పెయింట్ పెన్‌తో సన్న గీత గీయండి. ప్రతి సెషన్ ముందు ఆ గీత చూస్తే చాలు. రెండు ముక్కలూ ఒకే వరుసలో లేకపోతే ఏదో జారింది. ట్రాక్ ఎక్కొద్దు.

## 5. చైన్: బిగువు, బిగుసుకునే చోటు, అరుగుదల

చైన్ వదులైతే పళ్ల మీంచి ఎగిరిపోతుంది. ఫిక్స్‌డ్ బండికి చైన్ పోతే చక్రం లాక్ కావచ్చు, లేదా వేగం తగ్గించే దారే ఉండదు. మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి, పెడల్ ఒకచోట పట్టేసినట్టుంటుంది.

మొదట చైన్‌రింగ్‌ను (పెడల్ దగ్గరి పెద్ద పళ్ల చక్రం) నడిమధ్యకు తేవాలి. పెడల్ నెమ్మదిగా తిప్పుతూ పోతే చైన్ ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా కనిపిస్తుంది. చైన్‌రింగ్ క్రాంక్ మీద సరిగ్గా మధ్యలో కూర్చోకపోవడమే దీనికి మామూలు కారణం. ఐదు బోల్టులనూ కాస్త వదులు చేయండి. చైన్ బాగా బిగువైన చోట ఆపి, పైనుంచి చైన్ మీద సుత్తితో మెల్లగా ఒక దెబ్బ వేయండి. రింగు పిసరంత జరుగుతుంది. మళ్లీ తిప్పి చూడండి. తేడా పోయాక బోల్టులను వరుసగా కాకుండా ఒకటి వదిలి ఒకటి చొప్పున బిగించండి. వేళ్లు దూరంగా ఉంచండి.

తర్వాత చక్రాన్ని వెనక్కి నడిపించాలి. చక్రాన్ని వెనక్కి లాగి కుడి నట్టును కాస్త బిగించండి. చక్రాన్ని ఎడమవైపు నెట్టి ఎడమ నట్టు బిగించండి. కుడి నట్టు వదులు చేసి చక్రాన్ని మళ్లీ మధ్యకు నెట్టండి, చైన్ ఇంకొంచెం బిగుస్తుంది. ఇలా మార్చి మార్చి చేస్తే చక్రం అడుగులేసినట్టు కొద్దికొద్దిగా వెనక్కి పోతుంది. చివరికి చక్రం రెండు చైన్ స్టేల (వెనక చక్రానికి రెండు పక్కలా పోయే ఫ్రేము గొట్టాలు) మధ్య సమానంగా ఉందో లేదో చూసి, రెండు నట్లనూ పూర్తిగా బిగించండి. టార్క్ పానా ఉంటే 35 న్యూటన్ మీటర్లు సరిపోతుంది.

బిగువు కొలత: చైన్ బాగా బిగువుగా ఉండే స్థానంలో, పైభాగం నడుమ వేలితో నొక్కి ఎత్తి చూస్తే కిందికీ పైకీ కలిపి 10-12 మి.మీ. ఆడాలి.

అరుగుదల: స్టీలు స్కేలు పెట్టి ఒక పిన్ మధ్య నుంచి 24 పిచ్‌ల అవతలి పిన్ మధ్య వరకు కొలవండి. కొత్త చైన్ అయితే 304.8 మి.మీ., అంటే సరిగ్గా 12 అంగుళాలు. 306.3 మి.మీ. దాటితే కొత్తది కొనిపెట్టుకోండి. 307 దాటితే ఆ చైన్‌తో రేసుకు పోవద్దు. అరిగిన చైన్‌కు పళ్లు అరిగిన స్ప్రాకెట్ కూడా తోడైతే రెండూ కలిపే మార్చాలి.

చైన్‌లైన్: సీట్ ట్యూబ్ మధ్య నుంచి చైన్‌రింగ్ పళ్లకు ఎంత దూరమో, వెనక హబ్ మధ్య నుంచి స్ప్రాకెట్ పళ్లకూ అంతే ఉండాలి. ట్రాక్ సైకిళ్లలో ఇది సాధారణంగా 42 మి.మీ. రెండు మి.మీ. తేడా వచ్చినా కరకర శబ్దం మొదలవుతుంది.

శుభ్రం చేసేటప్పుడు జాగ్రత్త. పెడల్ తిప్పి వదిలి, తిరిగే చైన్‌ను గుడ్డతో పట్టుకోవడం రోడ్డు సైకిల్ అలవాటు. ఫిక్స్‌డ్ బండిలో గుడ్డ చైన్‌రింగ్‌లో చిక్కితే చక్రం ఆగదు, వేలు తెగిపోతుంది. చక్రం ఆపండి, ఒక జానెడు తుడవండి, కొంచెం తిప్పండి, ఆపండి, మళ్లీ తుడవండి. పిల్లలు దగ్గరుంటే ఈ పని పెట్టుకోకండి.

మన ఎర్రమట్టి దుమ్ముకు చిక్కటి ఆయిల్ తోడైతే చైన్ మీద ముద్ద కడుతుంది. ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క పల్చటి ఆయిల్ వేసి, పది నిమిషాలాగి, పైన కనిపించేదంతా తుడిచేయండి. ఆయిల్ పని లోపల, బయట కాదు.

## 6. గేరు ఎంత పెట్టాలి

ఒక్కసారి ట్రాక్ ఎక్కాక గేరు మారదు. లెక్క చాలా తేలిక: చైన్‌రింగ్ పళ్లను స్ప్రాకెట్ పళ్లతో భాగించి, చక్రం చుట్టుకొలతతో గుణిస్తే ఒక్క పెడల్ చుట్టుకు బండి ఎంత దూరం పోతుందో వస్తుంది. 700×23 టైరు చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు.

- 48×16: 6.3 మీటర్లు. నిమిషానికి 100 చుట్లు తొక్కితే గంటకు సుమారు 38 కి.మీ.
- 48×15: 6.7 మీటర్లు. 100 చుట్లకు సుమారు 40 కి.మీ.
- 50×15: 7 మీటర్లు. 100 చుట్లకు సుమారు 42 కి.మీ.
- 49×14: 7.35 మీటర్లు. 100 చుట్లకు సుమారు 44 కి.మీ.

మొదటి నెలలు 48×16 లేదా 48×15తోనే గడపండి. పెద్ద గేరు పెట్టి మోకాళ్లు పట్టేసుకోవడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు. 110, 120 చుట్లు సీటు మీద ఎగరకుండా తొక్కగలిగాకే పెంచండి. 14, 15, 16 పళ్ల స్ప్రాకెట్లు మూడు, చైన్‌రింగులు రెండు ఉంటే చాలా రేసులకు సరిపోతుంది.

## 7. టైర్లు, గాలి, మన ఎండ

కొత్తవాళ్లకు ట్యూబ్ ఉన్న మామూలు క్లించర్ టైరే మంచిది. రిమ్‌కు జిగురుతో అంటించే ట్యూబులర్ టైర్లు తేలికే, కానీ జిగురు సరిగా పట్టకపోతే వంపులో టైరు రిమ్ నుంచి ఊడుతుంది. అది నేర్చుకునే దాకా వాటి జోలికి పోవద్దు.

60 కిలోల బరువుంటే 23 మి.మీ. టైరుకు 105-110 పీఎస్‌ఐ, 75 కిలోలుంటే 115 వరకు పెట్టవచ్చు. టైరు పక్కన, రిమ్ మీద రాసి ఉన్న గరిష్ఠం ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు.

వరంగల్, రామగుండం ఎండల్లో చేసే తప్పు ఒకటుంది. పొద్దున 25 డిగ్రీలప్పుడు 115 కొట్టి, బండిని ఎండలో పెడితే టైరు లోపలి గాలి 45 డిగ్రీలకు చేరేసరికి పీడనం ఇంకో 8-9 పీఎస్‌ఐ పెరుగుతుంది. అద్దాలు మూసిన కారులో ఇంకా ఎక్కువ. ప్రయాణానికి 60 పీఎస్‌ఐకి దించి, ట్రాక్ దగ్గర నీడలో మళ్లీ కొట్టండి.

పంక్చర్ షాపు కంప్రెసర్‌కు సన్న ప్రెస్టా వాల్వ్ పట్టదు. రెండు ఇత్తడి అడాప్టర్లు సంచిలో ఉంచండి.

## 8. మిగతా బిగింపులు

స్టెమ్ బోల్టులు సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు. భాగం మీద వేరే అంకె రాసి ఉంటే అదే పాటించండి. ఎడమ పెడల్‌కు ఉల్టా త్రెడ్డు. హ్యాండిల్ రెండు చివరలా మూతలు లేకపోతే బండిని తనిఖీలోనే ఆపేస్తారు; పడితే ఆ గొట్టం ఒంట్లో దిగుతుంది.

హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) వదులు చూడడానికి రోడ్డు బండిలా ముందు బ్రేకు పట్టి ఊపడం ఇక్కడ కుదరదు. ముందు చక్రాన్ని అడ్డంగా తిప్పి, పై కప్పు దగ్గర రెండు వేళ్లు పెట్టి, బండిని ముందుకూ వెనక్కీ ఊపండి. వేళ్లకు ‘టిక్’మని తగిలితే వదులుంది.

## 9. వెలోడ్రోమ్ లేని ఊర్లో సాధన

ఇంట్లో రోలర్లు కొనడం కన్నా మంచి ఖర్చు లేదు. వేసవి పొద్దున్నే ఫ్యాన్ కింద 40 నిమిషాలు: పది నిమిషాలు మెల్లగా, తర్వాత నిమిషం 110 చుట్లు, రెండు నిమిషాలు 85 చుట్లు చొప్పున ఎనిమిదిసార్లు, చివర చల్లబరుచుకోవడం.

దూరం కోసం బ్రేకులున్న రోడ్డు సైకిల్ తీయండి. ధర్మసాగర్ వైపు పొద్దున ఆరు లోపు ట్రాఫిక్ తక్కువ. 163వ జాతీయ రహదారి మీద స్ప్రింట్లు వద్దు. స్టాండింగ్ స్టార్ట్ (ఆగి ఉన్న చోటు నుంచి మొదలుపెట్టడం) సాధనకు చిన్న చడావు చాలు: పెద్ద గేరులో ఆగినంత పని చేసి, పది సెకన్లు పూర్తి బలంతో తొక్కి, ఐదు నిమిషాలు విశ్రాంతి. ఐదుసార్లకు మించితే నాణ్యత పోతుంది.

## 10. బయల్దేరే ముందు

రైలైతే కాజీపేట నుంచి సికింద్రాబాద్ సుమారు 130 కి.మీ. బండిని విప్పి సంచిలో పెట్టేటప్పుడు ఫోర్కు మధ్య చెక్కముక్కో ప్లాస్టిక్ స్పేసరో పెట్టండి. లేకపోతే లగేజీ బరువుకు ఫోర్కు నొక్కుకుపోతుంది. వెనక చక్రం తీసేముందు డ్రాపవుట్ మీద ఇరుసు స్థానాన్ని టేపుతో గుర్తు పెట్టుకోండి, అక్కడ చైన్ బిగువు త్వరగా కుదురుతుంది.

సంచిలో ఉన్నాయా?

- 15 పానా, లాక్‌రింగ్ పానా, చైన్ విప్, అలెన్ కీలు
- అదనపు స్ప్రాకెట్లు, చైన్ ముక్క, పిన్ టూల్
- రెండు ట్యూబులు, పంపు, అడాప్టర్
- హెల్మెట్, గ్లోవ్స్, షూ, పెడల్స్
- గుర్తింపు కార్డు, వయసు ధ్రువపత్రం, రేసుకు అడిగిన కాగితాలు
- నీళ్లు, ఓఆర్‌ఎస్, గీరుకుపోయిన చర్మానికి మందు, కట్టు గుడ్డ

ట్రాక్ తెరిచే వేళలు, అనుమతి సంగతి ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. వాన పడితే ఆరుబయటి ట్రాక్ మీద ఎవరూ దిగనివ్వరు, దిగకూడదు కూడా.

## 11. ట్రాక్ మీద మొదటి రోజు

దిశ ఎప్పుడూ గడియారానికి ఎదురుగా, అంటే ఎడమ తిరుగుడే. నేల మీద గీతలు కింది నుంచి ఇవి: లోపలి నీలి పట్టీ, దానిపై 20 సెం.మీ. ఎత్తున నల్ల గీత (దూరం కొలిచేది దీని మీదే), 85 సెం.మీ. దగ్గర ఎర్ర గీత (స్ప్రింటర్ల గీత), ఆపైన ఇంకో నీలి గీత. నలుపు, ఎరుపుల మధ్య దారి వేగంగా పోయేవాళ్లది. మెల్లగా తొక్కేవాళ్లు పై నీలి గీత పైన ఉండాలి.

1. రెండు ల్యాపులు నీలి పట్టీ మీద, తర్వాత నేరుగా ఉన్న భాగంలో వేగం పెంచి నల్ల గీతకు ఎక్కండి.
2. వంపులో గంటకు 30 కి.మీ. తగ్గనివ్వకండి. నెమ్మదిస్తే టైరు కిందికి జారుతుంది. భయపడి పెడలింగ్ సడలించడమే జారడానికి పెద్ద కారణం.
3. పైకి పోయేముందు కుడి భుజం మీదుగా, కిందికి దిగేముందు ఎడమ భుజం మీదుగా వెనక్కి చూడండి. చూడకుండా గీత మార్చకండి.
4. దాటడం కుడివైపు నుంచే.
5. ముందు చక్రం ముందువాడి వెనక చక్రంతో పక్కపక్కన కలవనివ్వకండి. రెండు చక్రాలు తగిలితే పడేది వెనకవాడే.
6. ఆగాలంటే బ్రేకు లేదు కాబట్టి రెండు ల్యాపుల ముందే మొదలుపెట్టండి. వంపు పైకి ఎక్కితే వేగం దానంతటదే తగ్గుతుంది. కాళ్లతో మెల్లగా వెనక్కి ఒత్తండి, కింది నీలి పట్టీకి దిగి, గోడో కంచో పట్టుకుని ఆపండి.

పెడలింగ్ ఆపేయాలనే అలవాటు శరీరానికి ఉంటుంది. మొదటిసారి ఆపబోతే బండి వెనకనుంచి తన్నినట్టు లేపేస్తుంది. అందుకే షూ క్లీట్ (షూను పెడల్‌కు పట్టి ఉంచే ముక్క) వదులు చేయకండి. స్ట్రాపులు కూడా వేసుకుంటే రేసులో పాదం ఊడదు.

## 12. ఎక్కువగా వచ్చే లోపాలు, సవరణ

వెనక చక్రం ఎడమ స్టేకు తగులుతోంది. కుడి నట్టు జారి ఇరుసు ముందుకు వచ్చింది. డ్రాపవుట్, నట్టు పళ్ల మీద ఆయిల్ లేకుండా తుడిచి మళ్లీ బిగించండి. పదేపదే జరిగితే చైన్ టెన్షనర్ వేయండి.

ప్రతి పెడల్ చుట్టుకూ ఒక ‘టక్’ శబ్దం. ముందు పెడల్ బిగింపు, తర్వాత చైన్‌రింగ్ బోల్టులు, తర్వాత క్రాంక్ బోల్టు. ఈ వరుసలోనే వెతకండి, ఎక్కువసార్లు మొదటి రెండింట్లోనే దొరుకుతుంది.

వెనక్కి ఒత్తినప్పుడు చిన్న ఖాళీ. స్ప్రాకెట్ జారుతోంది. బండి ఆపి, స్ప్రాకెట్, లాక్‌రింగ్ విప్పి మరలు చూడండి. మరలపై అల్యూమినియం పొడి మెరుస్తుంటే హబ్ పని అయిపోయింది.

కొత్త చైన్ వేసినా ఎగురుతోంది. స్ప్రాకెట్ పళ్లు ఒకవైపు కొక్కేల్లా వంగాయి. కొత్తది వేయాలి, తిరగేసి వాడడం కాదు.

బండి ఒకే వైపు లాగుతోంది. చక్రం నిజంగా మధ్యలో ఉందో లేదో తేలాలంటే, చక్రాన్ని తిప్పి ఎక్కించి చూడండి. లాగే వైపు మారితే లోపం చక్రంలో, మారకపోతే ఫోర్కులో లేదా ఫ్రేములో.

## 13. తిరిగొచ్చాక

ముందు చెమట తుడవండి. హెడ్‌సెట్ మీద, స్టెమ్ బోల్టుల్లో చెమట ఉప్పు పేరుకుంటే తుప్పు మొదలవుతుంది. తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. నీళ్ల పైపుతో కడగవద్దు, బేరింగుల్లోకి పోతాయి.

వర్షాకాలంలో చాలా రోజులు తొక్కకపోతే గాలి సగానికి దించి, చైన్‌కు పల్చగా ఆయిల్ రాసి, బండిని నేల తేమ తగలకుండా గోడకు కొక్కెం కొట్టి వేలాడదీయండి. తీసిన మొదటి రోజు పెయింట్ గీత, చైన్ బిగువు, రెండు చక్రాల నట్లు చూసి, అప్పుడే రోలర్ ఎక్కండి.